వంగిన రాయి

మా వంటగది కిటికీ చువ్వలు తిన్నగా ఉన్నాయి. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అనుకుంటారేమో, నాకు ఉంది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టే ముందు ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడికన్ను ఒక్కదానితో ఆ చువ్వల్ని పైనుంచి కిందికి చూస్తాను. తిన్నగా కనిపిస్తాయి. హమ్మయ్య అనుకుని పాలు పెడతాను. మా ఆయన పళ్లు తోముకుంటూ అటుగా వెళ్తూ, "ఏటే, ఇవాళ కూడా ఇనప సువ్వలకి కన్ను కొట్టీసినావా?" అంటాడు. ఆయన నాకు మేనబావ. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. నన్ను ఏడిపించడం ఆయన జన్మహక్కు అనుకుంటాడు.

ఆమదాలవలసలో స్టేషనుకి వెళ్లే దారిలో మాకు రెండు కొట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బావ ఇనుము కొట్టు. చువ్వలు, రేకులు, మేకులు, గొలుసులు అమ్ముతాడు. రెండోది మా నాన్న పెట్టిన ఫోటో స్టూడియో. నాన్న పోయాక అది నాదయింది. నా చేతికొచ్చే వేళకి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. పెళ్లిళ్లకి శ్రీకాకుళం నుంచి డ్రోన్లు పట్టుకుని కుర్రాళ్లు దిగుతున్నారు. నాకు మిగిలినవి పాస్‌పోర్టు సైజు ఫోటోలు, అవి కూడా హాల్‌టిక్కెట్ల రోజుల్లోనే. షట్టరు దించేసి బావ కొట్లో మేకులు తూచుకుంటూ కూర్చోవాల్సి వస్తుందేమో అని బెంగపడే రోజుల్లో, టెక్కలి వైపు గ్రానైటు యార్డు నడిపే ఒక పెద్దాయన స్టూడియోకి వచ్చాడు. నాన్నకి పాత స్నేహితుడు, నేను బాబాయ్ అంటాను.

ఆయన బాధ ఏమిటంటే, ఇప్పుడు రాయి కొనేవాళ్లు యార్డుకి రావడం మానేశారు. ఫోటో పంపమంటున్నారు. ఫోనుతో తీసి పంపితే అంచులు బయటికి ఉబ్బినట్టు పడుతున్నాయి. "రాయి కోత వంకరగా ఉన్నాదేటండీ అంటన్నారమ్మా. మరేటి సెప్పమంటావు? రాయి తిన్నగానే ఉన్నాది, ఫోనే వంకర," అన్నాడు.

నా దగ్గర మంచి లెన్సు ఉంది. అది పెట్టి, కెమెరా మట్టం చూసుకుని, పలకకి సరిగ్గా ఎదురుగా నిలబడి తీశాను. అంచులు స్కేలుతో గీసినట్టు పడ్డాయి. అంతే, ఆ పని నాకు అంటుకుంది. బాబాయ్ యార్డు నుంచి పక్క యార్డుకి, అక్కణ్ణించి రాజాంలో కర్రల కోత మిల్లుకి, విజయనగరం దగ్గర రైసుమిల్లులకి ఇనప తొట్లు చేసే వర్క్‌షాపుకి పేరు పాకింది. 'తిన్నగా తీస్తుంది' అని. నా పేరు, నా తిండి ఆ నాలుగు అంచుల మీదే నిలబడ్డాయి.

మొదట్లో డబ్బుల కోసమే చేశాను కానీ, పోనుపోను ఆ పలకలంటే నాకు పిచ్చి పట్టింది. రాయి, ఇనుము, కర్ర, ఏదైనా సరే, బల్లపరుపుగా కోసి నిలబెడితే దానికో ముఖం వస్తుంది. పని లేని రోజుల్లో కూడా స్కూటీ వేసుకుని పోయేదాన్ని. పొలం గట్ల మధ్య కాలవ మీద వేసిన రాతిపలక, దాని మీద ఆరబెట్టిన ఎవరిదో తువ్వాలు. హైవే పక్కన గోతి మీద కప్పిన ఇనప పలక, లారీ ఎక్కినప్పుడల్లా అది ఢాం అంటుంది. సముద్రపు ఒడ్డున ఇసకలో పడవలు లాగడానికి పరిచిన పాత చెక్కలు, ఉప్పు తిని తెల్లబడి ఉంటాయి. అక్కడి చేపలమ్మే ఆడవాళ్లు నన్ను చూసి, "మనుషులుండగా సెక్కలికి తీత్తాదేటే ఈవిడ" అని నవ్వుకునేవారు. పెళ్లికూతుళ్లని బతిమాలి గడ్డం ఎత్తించిన చేతులకి ఈ పని హాయిగా ఉండేది. పలక కళ్లు మూయదు, నల్లగా పడ్డానని దెబ్బలాడదు.

రాతిపలకని తీయడానికి ఓ పద్ధతి ఉంది. మెరుగు పెట్టని రాయి పొడిగా ఉంటే బూడిదరంగులో చచ్చినట్టు ఉంటుంది. నీళ్లు పోస్తే లోపలి నీలం, వెండిచుక్కలు పైకి తేలతాయి. ఆ తడిమీద ఒక ఫోటో. తర్వాత ఆరేదాకా కాచుకుని కూర్చోవాలి. రాయంతా ఆరిపోయినా పగులు ఉన్నచోట తడి వదలదు, సన్నని గీతలా మిగిలిపోతుంది. అప్పుడు ఇంకో ఫోటో. ఇక మెరుగు పెట్టిన రాయికి వేరే తంటా. అది అద్దం. ఎదురుగా ఎవరు నిలబడినా అందులో పడతారు. "పక్కకి జరగండి, పక్కకి జరగండి" అని అరిచి అరిచి నా గొంతు ఆ యార్డుల్లో ఫేమస్ అయింది. ముక్కుమీద కోపం అని నాకు పేరు. నిజమే, కాదనను.

బాబాయ్ యార్డులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రాయి మీద ఎవరైనా ఒక మాట అంటే, అంటే పగులు ఉందనో మచ్చ ఉందనో, ఆ రాయి 'మాటపడ్డ రాయి' అవుతుంది. ఆ మాట అన్న మనిషే మళ్లీ వచ్చి, చూసి, చేత్తో తట్టి, "బాగుంది" అని పైకి అనాలి. అంతవరకూ దాన్ని లారీ ఎక్కించరు. కూలివాళ్లు చెయ్యి వెయ్యరు. మాటపడ్డ రాయి ఎత్తితే గొలుసు తెగుతుందని వాళ్ల నమ్మకం. నేనది విని నవ్వేదాన్ని.

మొన్నటి ఎండాకాలం ముందు నాకు పొడిదగ్గు పట్టుకుంది. యార్డుల్లో రాతిపొడి, మిల్లులో రంపపు పొట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లే తీరిక ఎక్కడిది? మందుల షాపులో అడిగితే చిన్న తెల్లమాత్రలు ఇచ్చాడు. వేసుకుంటే దగ్గు పోయేది, మానేస్తే వచ్చేది. సరే, వేసుకుంటూనే ఉన్నాను. దగ్గు తగ్గింది కానీ నిద్ర కూడా తగ్గింది. అదేదో గొప్పలా, నిద్రలేకుండా బాగానే పనిచేస్తున్నాను అనుకున్నాను.

ఆ రోజుల్లోనే రాజాం మిల్లులో టేకు పలకలు తీయడానికి వెళ్లాను. గోడకి నిలబెట్టిన పలకని కెమెరాలోంచి చూస్తే మధ్యలో కొంచెం లోపలికి నొక్కుకున్నట్టు కనిపించింది. "ఇది వంగింది, వేరేది పెట్టండి" అన్నాను. మిల్లు యజమాని వచ్చి పలక చుట్టూ తిరిగి, తల గోక్కుని, "పచ్చికర్ర కదమ్మా, ఎండకి వంగుంటాది" అన్నాడు. వేరే పలక పెట్టారు. అదీ వంగే ఉంది. ఆ పూట అన్నీ వంగే ఉన్నాయి. "మీ కర్ర బాగులేదు" అని మొహం మీదే చెప్పాను. పాపం ఆయన తల వంచుకున్నాడు. తీరా ఇంటికొచ్చి కంప్యూటరులో రెండు కళ్లూ తెరుచుకుని చూస్తే ఫోటోల్లో పలకలు తిన్నగానే ఉన్నాయి. దానికి నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. నా లెన్సు వంకర కర్రని కూడా తిన్నగా తీసేసింది, ఏం లెన్సు ఇది అని మురిసిపోయాను. బావకి చూపించి మరీ చెప్పాను.

తర్వాత విజయనగరం వర్క్‌షాపులో ఇనప పలకలు. అక్కడా అంతే. మధ్యలో నొక్కు. వెల్డింగు చేసే అతన్ని అడిగితే, "వేడికి ఇనుము ఉబ్బదేటమ్మా, సల్లబడితే సర్దుకుంటాది" అన్నాడు. అదీ నమ్మాను. కర్ర వంగుతుంది, ఇనుము వంగుతుంది, లోకంలో వంగనిదేముంది? రంగు కూడా కొంచెం వెలిసినట్టు కనిపించింది. మబ్బు పట్టిందనుకున్నాను. ఆ రోజు మబ్బు లేదు.

ఆ తర్వాతి వారం బాబాయ్ యార్డు. కొత్తగా కోసిన నీలం రాయి, నిలువెత్తు పలక, ఇనప స్టాండుకి ఆనించి పెట్టారు. నీళ్లు పోసే ఆమె బిందెతో పోసింది. నాకంటే చిన్నది, నన్ను అప్పా అని పిలుస్తుంది. నేను కెమెరాకి కుడికన్ను ఆనించాను. రంగు రావడం లేదు. "ఇంకో బిందె పొయ్యి" అన్నాను. పోసింది. "ఇంకోటి." పోసింది. "ఇంకా ఎన్ని పొయ్యాలప్పా, రాయికి జలుబు సేత్తాది" అంది. రంగు సంగతి అలా ఉంచి, అంచు చూశాను. మధ్యలో నొక్కు. రాతి అంచు, పైనుంచి తిన్నగా దిగుతూ దిగుతూ, నడుము దగ్గరకొచ్చేసరికి లోపలికి వంగి, మళ్లీ బయటికొచ్చి కిందికి దిగింది.

"బాబాయ్, నీ రాయి వంగింది" అని అరిచాను.

యార్డులో పాలిష్ మెషీన్లు ఆగిపోయినంత పనైంది. బాబాయ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏటమ్మా అన్నావు?"

"అంచు చూడు. కోత వంకర. ఇలాంటిది నేను తియ్యను. తీస్తే నా పేరు పోతుంది."

ఆయన రాయినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. కోపం రాలేదు ఆయనకి, వస్తే బాగుండేది. "కర్ర వంగుతాది. ఇనుము వంగుతాది. రాయి ఇరుగుతాది గానీ వంగదు తల్లీ," అన్నాడు మెల్లిగా. అల్యూమినియం పట్టీ తెప్పించి అంచుకి ఆనించాడు. రాయికీ పట్టీకీ మధ్య వెలుతురు కూడా దూరలేదు. చుట్టూ మూగిన కూలివాళ్లు నవ్వారు. నీళ్లు పోసే ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

నేను మళ్లీ చూశాను. రాయితో పాటు ఇప్పుడు పట్టీ కూడా వంగింది. అప్పుడు, ఎందుకు తోచిందో తెలియదు, కెమెరా దించి ఎడమకన్నుతో చూశాను. తిన్నగా ఉంది. కుడికన్నుతో చూశాను. వంగింది. ఎడమ. తిన్నగా. కుడి. వంకర. "ఓలమ్మా, అప్ప కన్ను కొడతన్నాదిరో" అని మళ్లీ నవ్వులు. వంగింది రాయి కాదు.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. నాన్న ఈ జిల్లాలో నెగెటివులు దిద్దడంలో చెయ్యి తిరిగిన మనిషి. పెన్సిలు మొనతో మొహం మీద మచ్చలు, ముడతలు మాయం చేసేవాడు. నేను హైస్కూల్లో ఉండగా ఆయన కుడికంట్లో ఏదో మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఫోటోగ్రాఫరుకి కన్ను బాగులేదని తెలిస్తే బేరాలు రావని భయం. నెలల తరబడి దాచాడు. చివరికి ఒక పెళ్లిలో పెళ్లికూతురి తల తెగేలా ఫోటోలు తీశాక బయటపడింది. ఆస్పత్రిలో, కంటి లోపలి తెర, అదే రెటీనా, ఊడిపోయింది, ఆలస్యం చేశారు అన్నారు. ఆ తర్వాత ఆయన ఎడమకన్నుతోనే బతికాడు, కానీ పెన్సిలు మళ్లీ పట్టలేదు. స్టూడియోలో ఆ బల్ల ముందు ఊరికే కూర్చుని ఉండేవాడు. నేను ఆ మనిషి కూతుర్ని. నాదీ కుడికన్నే.

ఆ పూట మిగతా రాళ్ల ఫోటోలు ఎడమకన్నుతో తీశాను. వంకరన్న రాయి మాత్రం తియ్యలేదు. బస్సులో నరసన్నపేట వరకూ ఒక కన్ను మూస్తూ, ఒక కన్ను తెరుస్తూ వచ్చాను. కిటికీ చువ్వ వంగింది. కరెంటు స్తంభాలు వంగాయి. ధాన్యం బస్తాలు పేర్చిన లారీ వంగింది. పక్క సీట్లో ఆవిడ నేను ఆమె మొగుణ్ణి చూసి కన్ను కొడుతున్నాననుకుని మొహం ముడుచుకుంది. మామూలుగా అయితే దెబ్బలాటకి దిగేదాన్ని.

ఇంట్లో చెప్పలేదు. నాన్నని ఇన్నేళ్లు తిట్టుకున్నాను, ఎందుకు దాచావు నాన్నా అని. నా వంతు వచ్చేసరికి నాకూ నోరు రాలేదు. చెబితే అది నిజమైపోతుందేమో అనిపించింది. కొట్లో బావ లేనప్పుడు ఇనప చువ్వల ముందు నిలబడి కన్ను మూసి చూసుకునేదాన్ని. మధ్యలో నొక్కుతో పాటు ఇప్పుడు బూడిదరంగు మచ్చ కూడా తేలింది, కాఫీ గ్లాసు పెట్టి తీసిన చోట మిగిలే మరకలాంటిది. ఎటు చూస్తే అటొచ్చి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అలాగే చువ్వల ముందు నిలబడి ఉండగా బావ వచ్చేశాడు. "ఏటే, నాకు కొట్టాల్సిన కన్ను ఇనుముకి కొడతన్నావు?" అన్నాడు. నవ్వుతూ ఆయన వైపు తిరిగాను. ఎడమకన్ను మూసే ఉంది. ఆయన మొహం ఉంది, మీసం ఉంది, ముక్కు లేదు. ముక్కు ఉండాల్సిన చోట బూడిద మచ్చ.

"బావా, నీ ముక్కు కనబడట్లేదు" అని చెప్పి, అక్కడే మేకుల డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చేశాను.

ఆయన ఏడిపించలేదు. ఏమయిందని రెండోసారి అడగలేదు. సంతరోజు, కొట్టు నిండా బేరం. "ఎల్లండి, ఎల్లండి, రేపు రండి" అని అందర్నీ బయటికి పంపి షట్టరు దించేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో సంతరోజు ఆయన షట్టరు దించడం అదే మొదలు. శ్రీకాకుళం కంటి ఆస్పత్రికి వెళ్లేదాకా స్కూటీ మీద ఒక్క మాటే అన్నాడు. "మావ దాసి సెడిపోయాడు. నువ్వు సెప్పీసినావు. అయిపోయింది."

ఆస్పత్రిలో చదరాలు గీసిన అట్ట ఇచ్చారు. ఒక కన్ను మూసి చూడమన్నారు. కుడికంటికి మధ్య గళ్లు కుంగిపోయి కనిపించాయి, నేల కుంగితే టైల్స్ కుంగినట్టు. తర్వాత కంట్లో చుక్కలు వేశారు, లోకమంతా అలుక్కుపోయింది. బావ నా చెయ్యి పట్టుకుని మెషీను దగ్గరికి నడిపించాడు. గడ్డం ఆనించి, ఆకుపచ్చ గీతని చూస్తూ కదలకుండా ఉండమన్నారు. కదలకండి అని జీవితమంతా జనాన్ని అరిచినదాన్ని, నన్ను అలా అంటుంటే ఊపిరి కూడా బిగబట్టాను.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఆమె నోరు విప్పక ముందే, "తెర ఊడిందా? ఉన్నదున్నట్టు చెప్పండి, నసగొద్దు" అన్నాను. ఆమె నా మాటకి నొచ్చుకోకుండా కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. నా చూపు ఇంకా మసగ్గానే ఉంది కానీ, దగ్గరకి జరిగి ఎడమకన్నుతో చూశాను. నలుపు తెలుపులో నా కంటి అడుగు. పొరమీద పొర, పొరమీద పొర. క్వారీలో కొండని నిలువునా కోసినప్పుడు కనిపించే పొరలు నాకు తెలుసు, అచ్చం అలాగే. ఆ పొరల కింద నడిమధ్యన చిన్న బుడగ.

"ఇది నీరు. తెర కింద చేరి దాన్ని కొంచెం పైకి ఎత్తింది. అందుకే గీతలు వంగి కనిపిస్తున్నాయి. మీ నాన్నగారికి అయినది వేరే. ఇది చాలామందిలో దానంతట అదే ఆరిపోతుంది," అంది. ఏవైనా మాత్రలు వాడుతున్నారా అని అడిగింది. దగ్గు మాత్రల సంగతి చెప్పి, సంచిలోంచి తీసి చూపించాను. ఆమె మొహం చిట్లించింది. అవి స్టెరాయిడ్లట. వాటివల్ల ఇలా కావచ్చంది. ఒక్కసారిగా ఆపొద్దని, ఎలా తగ్గించుకుంటూ మానాలో రాసిచ్చింది. బాగా నిద్రపొమ్మంది. దగ్గుకి వేరే డాక్టరుకి చూపించుకోమంది.

ఆరిపోతుంది. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆరడం గురించి నాకు చెప్పేదేముంది? నేను చేసే పనే అది, తడిరాయి ముందు కూర్చుని ఆరేదాకా కాచుకోవడం. కాకపోతే ఆరాక గీత మిగులుతుందో లేదో ఎవరూ ముందుగా చెప్పలేరు. అదీ నాకు తెలుసు. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, నీరు పోయినా కొందరికి కొద్దిగా వంకర మిగిలిపోవచ్చు అని. బావ మొదటి సగమే విన్నాడు. బయటికి రాగానే ఎదురుగా ఉన్న హోటల్లో రెండు ప్లేట్లు ఇడ్లీ చెప్పి, నాది కూడా ఆయనే తినేశాడు.

యార్డుకి ఫోను చేసి కొన్నాళ్లు రాలేనని, కారణం ఇదని చెప్పాను. బాబాయ్ అంతా విని, "ఆ నీలం రాయికి మెరుగెట్టించి పక్కన పెట్టీసినానమ్మా. మాటపడ్డాది కదా" అన్నాడు.

"రాయిది తప్పు కాదని తేలింది కదా బాబాయ్. బాగుంది అని ఫోన్లోనే చెబుతున్నాను, అమ్మెయ్యి."

"ఫోన్లో సెప్తే కుదర్దు. రావాల, సూడాల, తట్టాల."

"రేపొచ్చి ఎడమకన్నుతో చూసి చెబుతా."

"ఎడమకన్నేటీ అన్లేదు కదా," అన్నాడు. "ఏ కంటితో వంకరన్నావో ఆ కంటితోనే సూసి తిన్నగా ఉన్నాదనాల. అప్పుడే లారీ ఎక్కుతాది. దానికి తొందరేటీ లేదు. రాయి కదా, కూకుంటాది."

ఈసారి ఆ కట్టుబాటు విని నవ్వు రాలేదు. ఒక మనిషి, ఒక రాయి నా కన్ను కోసం కాచుకుని ఉన్నారు.

రోజూ చూసుకోమని డాక్టరమ్మ చదరాల అట్ట ఇచ్చింది. బావ దాన్ని ఫ్రిజ్జుకి అంటించాడు. నేను తీసి బీరువాలో పెట్టాను. ఆయన మళ్లీ అంటించాడు. మేం దానిమీద ఎంత దెబ్బలాడుకున్నామో చెప్పలేను. మొదట్లో గంటకోసారి చూసుకున్నాను, అది తగ్గిందో లేదో తెలియక పిచ్చెక్కేది. ఆ తర్వాత అసలు చూడటమే మానేశాను. ఎడమకన్ను మూయడమంటే భయం పట్టుకుంది. మళ్లీ పరీక్షకి వెళ్తే నీరు తగ్గింది అన్నారు. ఆ తర్వాతిసారి వెళ్తే ఆ బుడగ లేదు. పొరలు ఒకదానిమీద ఒకటి సుబ్బరంగా పడుకుని ఉన్నాయి. "ఆరిపోయిందండీ" అంది డాక్టరమ్మ. బావ ఆమెకి దణ్ణం పెట్టేశాడు. గోడమీద అక్షరాలు గడగడా చదివాను. కానీ అక్షరం కొంచెం వంగినా అక్షరమే. నాకు కావాల్సింది అంచు. చదరాల అట్ట ఇస్తే, "వద్దండీ, నేను వేరే చోట చూసుకుంటాను" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. బావకి అర్థమైంది.

మర్నాడు బావ కొట్టుకి తాళం వేసి నాతో యార్డుకి వచ్చాడు. నీలం రాయి షెడ్డు పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. మెరుగు పెట్టారు కదా, లోపల ఆకాశం, కొబ్బరిచెట్లు, అవతలి క్రేను అన్నీ ఉన్నాయి. కూలివాళ్లు పని ఆపి వచ్చారు. నీళ్లు పోసే ఆమె బిందె చంకన పెట్టుకుని నిలబడింది, ఈసారి నవ్వలేదు. బాబాయ్ మాత్రం ఏమీ పట్టనట్టు బీడీ ముట్టించుకున్నాడు.

స్టాండు వేసి, కెమెరా మట్టం చూసి, కుడికన్ను ఆనించాను. ఎడమకన్ను మూయాలి. మూతపడనంది. అరచేత్తో కప్పుకున్నాను.

రాతి పైమూల కనిపించింది. అక్కణ్ణించి అంచు పట్టుకుని మెల్లిగా కిందికి దిగాను. గట్టు మీద కాలు జారుతుందేమో అనుకుంటూ నడిచినట్టు. భుజం ఎత్తు దాటింది, తిన్నగా ఉంది. నడుము దగ్గరకొచ్చింది. అక్కడే కదా. అక్కడ ఆగి, ఊపిరి వదిలి చూశాను. తిన్నగా ఉంది. ఇంకా కిందికి. తిన్నగా ఉంది. రెండో అంచు పట్టుకుని పైకి ఎక్కాను. ఎక్కడా నొక్కు లేదు. నీలం కూడా తిరిగొచ్చింది, లోపలి వెండిచుక్కలతో సహా.

"సెప్పమ్మా," అన్నాడు బాబాయ్. "ఎలాగున్నాది?"

నడిచి వెళ్లి రాయిని అరచేత్తో తట్టాను. చల్లగా ఉంది. "బాగుంది" అన్నాను. గట్టిగా మళ్లీ అన్నాను, "తిన్నగా ఉంది బాబాయ్, బాగుంది." బాబాయ్ అటు తిరిగి, "ఒరే, గొలుసులు తెండిరా" అని కేకేశాడు. నీళ్లు పోసే ఆమె అవసరం లేకపోయినా బిందెడు నీళ్లు రాయిమీద కుమ్మరించేసి, "ఇంక జలుబు సేసినా పర్నేదు" అంది.

నీళ్లు జారిపోయాక ఫోటో తీద్దామని మళ్లీ కన్ను ఆనించాను. రాయి నడిమధ్యలో బావ ఉన్నాడు. నా వెనకాల నిలబడి తొంగిచూస్తున్నాడు, ఆ సంగతి ఆయనకి తెలియదు. మొహం ఉంది, మీసం ఉంది. ముక్కు ఉంది. కొంచెం పెద్ద ముక్కు, చిన్నప్పట్నుంచీ నేను వెక్కిరించిన ముక్కు, అంచులతో సహా అంతా ఉంది. పక్కకి జరుగు బావా అనాలి. నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. కళ్లలో నీళ్లు అలాగే ఉంచుకుని నొక్కేశాను.

తీసిన ఫోటో బాబాయ్‌కి చూపించాను. చూసి, "ఏటమ్మా, రాయితో పాటు నీ మొగుణ్ణి కూడా అమ్మీమంటావేటి?" అన్నాడు.

ఆ తర్వాత బావని పక్కకి జరగమని అరిచి ఇంకోటి తీసిచ్చాను. ఆ రాయి ఆ మధ్యాహ్నమే లారీ ఎక్కి వెళ్లిపోయింది, ఎవరింటికో నాకు తెలియదు. మొదటి ఫోటో మాత్రం కాగితం మీద వేయించి స్టూడియోలో నాన్న బల్ల మీద పెట్టుకున్నాను. పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్లు రాయిలో ఆ మనిషెవరండీ అని అడుగుతుంటారు. పక్క కొట్టు వైపు చెయ్యి చూపిస్తాను. ఫోటో అంచులు మాత్రం తిన్నగా ఉన్నాయి, ఎవరైనా స్కేలు పెట్టి చూసుకోవచ్చు.